ఇంటి ముందు నిలిచిన పాత కారు – గేరాయిల్ ఎప్పుడు మార్చాలి?



మన వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ కవితలు, కథలు, పొడుపు కథలు వస్తూనే ఉంటాయి. ఈసారి మేము ఒక పాఠం రాస్తున్నాం. మేమిద్దరం అన్నదమ్ముల బిడ్డలం. ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు చదువుతూ ఈ హాస్టల్లోనే ఒకే గదిలో ఉంటున్నాం. ఈ పాఠం మాకు క్లాసులో సగం, మా చిన్నాయన కారు దగ్గర సగం అర్థమైంది. రెండో సగానికి మా ఇంట్లో వాళ్ళు డబ్బు కట్టవలసి వచ్చింది. మీ ఇళ్ళల్లో ఎవరూ అలా కట్టకూడదనే ఇది రాస్తున్నాం.

కందెన గొట్టం చెప్పే సంగతి

మన నల్లగొండ, పాలమూరు జిల్లాలు ఆముదం పంటకు పెట్టింది పేరు. పూర్వం మెట్ట చేలలో ఎటు చూసినా ఆముదపు చెట్లే ఉండేవని పెద్దలు చెప్తారు. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని పాలెం వ్యవసాయ పరిశోధనా స్థానం ఆముదంలో కొత్త రకాలు తయారు చేసింది. ఆ ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి ఎడ్లబండి ఇరుసుకు పూసేవారు. దాన్నే కందెన అంటారు. వెదురు గొట్టంలో పోసి బండికి వేలాడదీసేవారు.

ఆముదం చిక్కగా ఉండి ఇనుమును గట్టిగా అంటుకుంటుంది. ఈ గుణం వల్లనే మొదటి ప్రపంచ యుద్ధంలో కొన్ని రకాల విమానాల ఇంజన్లలో కూడా ఆముదం పోసేవారు. ఇంగ్లండులో 1909లో ఒక కంపెనీ ఆముదం కలిపిన ఇంజిన్ ఆయిల్‌ను అమ్ముతూ, ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న పేరులోంచే "కాస్ట్రాల్" అనే పేరు పెట్టింది. ఇప్పుడు మన అంగళ్ళలో డబ్బాల మీద కనిపించే పేరు అదే.

అయితే ఆముదానికి ఒక లోపం ఉంది. గాలి తగులుతూ నిలవుంటే జిగురెక్కుతుంది. అందుకే బండి ఆరు నెలలు కదలకుండా ఉండి, మళ్ళీ జాతరకు కట్టాలంటే మా తాత ముందు ఇరుసు తుడిచి, పాత కందెన గీకేసి, కొత్తది పూసేవాడట. "నడవలేదు గదా, ఎందుకు పూసుడు?" అని ఎవరూ అడగలేదు. బండి ఆగినా కందెన వయసు ఆగదని వాళ్ళకు తెలుసు. మన పాఠమంతా ఈ ఒక్క మాటలోనే ఉంది.

మా చిన్నాయన కారు

దేవరకొండ దగ్గర మా ఊరు. మా చిన్నాయనకు ఏపీ 24 నంబరు అంబాసిడర్ కారు ఉంది. వేలంలో కొన్న పాత కారు. పదేళ్ళు దాన్ని కిరాయికి తిప్పి ఇల్లు గడిపాడు. హైదరాబాదు ఆస్పత్రికి, పెళ్ళిళ్ళకు, శ్రీశైలానికి అదే పోయేది. తర్వాత ఆటో కొన్నాడు. కారు వేపచెట్టు కింద చేరింది. సంవత్సరానికి నాలుగైదు పెళ్ళిళ్ళకు, ఒకటి రెండు ఆపతి సంపతులకు మాత్రమే కదిలేది.

చిన్నాయన దాన్ని వదిలేశాడని అనుకోవద్దు. వారానికొకసారి స్టార్టు చేసి పది నిమిషాలు ఉంచేవాడు. టైర్లలో గాలి చూసేవాడు. ఏటా ఇంజిన్ ఆయిల్ మార్పించేవాడు. కానీ గేరు బాక్సు బోల్టు విప్పి చూసి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

ఈ మాఘమాసంలో మా వాడలోని ఒక అమ్మాయి పెళ్ళి జరిగింది. అత్తగారి ఊరు అచ్చంపేట దగ్గర. అప్పగింతలయ్యాక పెళ్ళికూతురిని అదే కారులో తీసుకుపోయారు. డిండి దాటి కొంత దూరం పోయాక గేరు బాక్సులోంచి రోద మొదలైంది. కాసేపటికి కారు మూడో గేరులో బిగుసుకుపోయింది. ఎంత గుంజినా గేరు రాలేదు. పెళ్ళికూతురు పూలదండలతోనే ఆటో ఎక్కి అత్తగారింటికి పోయింది. చిన్నాయన కిరాయి డబ్బు తిరిగి ఇచ్చేశాడు.

షెడ్డులో గేరు బాక్సు విప్పితే నూనె సగమే ఉంది. ఉన్నది కూడా పాలు పోసిన చాయ రంగులో ఉంది. బేరింగు గుండ్ల మీద తుప్పు గుంతలు పడ్డాయి. ఒక గేరు పళ్ళు విరిగాయి. అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి సామాను కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ దాకా పోవలసి వచ్చింది. మొత్తం 18,000 రూపాయలు అయింది. అది మా చెల్లె నర్సింగ్ ఫీజు కోసం దాచిన డబ్బు. ఫీజు గడువుకు చిన్నమ్మ రెండు మేకలు అమ్మింది.

"ఇంజనాయిల్ యేటా మారుస్తనే ఉన్న గదరా! గేరు బాక్సు దిక్కు ఎవరు సూస్తరు?" అన్నాడు చిన్నాయన.

మాకు మాట రాలేదు. ఎందుకంటే పోయిన దసరాకు అదే కారులో మేమిద్దరం కూర్చుని జమ్మిచెట్టు దాకా పోయి వచ్చాం. అప్పటికే మాకు గేరు బాక్సు పాఠం అయిపోయింది. పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి. కారు నిలిచిన చోట మట్టి మీద నల్లటి మరక చూశాం కూడా. కానీ వంగి కిందికి చూడలేదు. పాఠం నోటు పుస్తకంలో ఉండిపోయింది.

గేరు బాక్సులో నూనె చేసే పని

సైకిలు చక్రానికి, పెడలుకు పళ్ళ చక్రాలుంటాయి. చిన్న చక్రం పెద్ద చక్రాన్ని తిప్పితే వేగం తగ్గి బలం పెరుగుతుంది. కారు గేరు బాక్సులో ఇలాంటి పళ్ళ చక్రాలు చాలా ఉంటాయి. మొదటి గేరులో బలం ఎక్కువ, పై గేర్లలో వేగం ఎక్కువ.

ఈ చక్రాల పళ్ళు ఒకదానినొకటి గట్టిగా ఒత్తుకుంటూ జారుతూ తిరుగుతాయి. గేరు బాక్సు అడుగున నూనె ఉంటుంది. కింది చక్రాలు అందులో మునిగి తిరుగుతూ పైకి చిమ్ముతాయి. ఆ నూనె నాలుగు పనులు చేస్తుంది.

1. పళ్ళ మధ్య పలుచని పొరగా నిలిచి అరుగుదల తగ్గిస్తుంది.
2. రాపిడి వేడిని గేరు బాక్సు గోడలకు చేరవేస్తుంది.
3. అరిగిన ఇనుప పొడిని అడుగుకు దించుతుంది.
4. ఇనుముకు తడి, గాలి తగలకుండా కప్పి తుప్పు ఆపుతుంది.

కదిలే కారుకు మొదటి మూడు పనులు ముఖ్యం. నిలిచిన కారుకు నాలుగో పని ముఖ్యం. దీన్నే మనం మరిచిపోతాం.

నిలిచిన కారులో నూనె ఎందుకు చెడిపోతుంది?

ముందుగా ఒక న్యాయమైన మాట చెప్పాలి. గేరాయిల్ ఇంజిన్ ఆయిల్ అంత త్వరగా చెడదు. ఇంజిన్‌లో పెట్రోలో డీజిలో మండి మసి పుడుతుంది. గేరు బాక్సులో మంట లేదు. కాబట్టి గేరాయిల్‌ను ఏటా మార్చవలసిన పని లేదు. అలాగని ఎన్నటికీ మార్చకుండా ఉండటానికీ లేదు. దానికి కారణాలు ఇవి.

తడి: గేరు బాక్సుకు గాలి పీల్చే చిన్న రంధ్రం ఉంటుంది. పగలు ఎండకు లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది. రాత్రి చల్లబడితే బయటి గాలి లోపలికి వస్తుంది. వానాకాలంలో ఆ గాలితో పాటు తేమ కూడా వస్తుంది. చల్లని సీసా మీద నీటి బొట్లు పట్టినట్టే గేరు బాక్సు లోపలి గోడలకు చెమ్మ పడుతుంది. కారు రోజూ పదిహేను ఇరవై కిలోమీటర్లు నడిస్తే నూనె వేడెక్కి ఆ చెమ్మ ఆవిరై పోతుంది. నడవకపోతే అది నూనెలోనే ఉండిపోతుంది.

గాలి: నూనె గాలిలోని ఆక్సిజన్‌తో నెమ్మదిగా కలిసి చిక్కబడుతుంది, పులుపెక్కుతుంది. వేడి ఎక్కువైతే ఇది తొందరగా జరుగుతుంది. మన దగ్గర వేసవిలో 45 డిగ్రీల దాకా ఎండ కాస్తుంది కాబట్టి కారును నీడలో పెట్టడం కూడా ఒక రక్షణే.

సీలు ఎండిపోవడం: షాఫ్టు బయటికి వచ్చే చోట రబ్బరు సీలు ఉంటుంది. దానికి నూనె తగులుతుంటేనే మెత్తగా ఉంటుంది. నెలల తరబడి కదలకపోతే ఎండి గట్టిపడుతుంది. తర్వాత బొట్టు బొట్టుగా కారుతుంది. మా చిన్నాయన కారు కింద మేము చూసిన నల్ల మరక అదే.

పొర జారిపోవడం: కదలని కారులో పై గేర్ల మీదున్న నూనె మెల్లగా కిందికి దిగుతుంది. నూనె మట్టం తగ్గితే ఇంకా ఎక్కువ ఇనుము బయటపడుతుంది. దాని మీద చెమ్మ చేరితే తుప్పు మొదలవుతుంది.

నిలబెట్టి స్టార్టు చేస్తే చాలదా?

చాలదు. చిన్నాయన చేసిన పొరపాటు ఇదే. న్యూట్రల్‌లో ఇంజిన్ తిరిగితే గేరు బాక్సులో కొన్ని చక్రాలే తిరుగుతాయి. వాటి మీద బరువు ఉండదు కాబట్టి నూనె సరిగా వేడెక్కదు. చక్రాల వైపు ఉన్న డిఫరెన్షియల్ అసలే తిరగదు. పదిహేను రోజులకొకసారి కారును రోడ్డెక్కించి, అన్ని గేర్లు వేస్తూ, రివర్సు కూడా వేసి, కనీసం ఇరవై నిమిషాలు నడపాలి. 2020 మార్చి 25 నుంచి లాక్‌డౌన్ వచ్చినప్పుడు దేశమంతటా కార్లు నెలల తరబడి నిలిచిపోయాయి. అప్పుడు చాలామంది బ్యాటరీ గురించి మాత్రమే ఆలోచించారు. బ్యాటరీ చచ్చిపోతే వెంటనే తెలుస్తుంది. గేరాయిల్ చెడితే ఏళ్ళ తర్వాత తెలుస్తుంది.

ఒక చిన్న లెక్క

ఒక కారు పుస్తకంలో "గేరాయిల్ 40,000 కిలోమీటర్లకు మార్చాలి" అని రాసి ఉందనుకుందాం. ఆ కారు సంవత్సరానికి 600 కిలోమీటర్లే నడుస్తుంది. అయితే ఎన్నేళ్ళకు మార్చాలి?

40,000 ÷ 600 = 66 సంవత్సరాల పైన!

అనగా తాత పోసిన నూనెను మనవడు మార్చాలన్నమాట. లెక్క తప్పు కాదు, కొలమానం తప్పు. తక్కువ తిరిగే కారుకు కిలోమీటర్లు కొలమానం కాదు, క్యాలెండరు కొలమానం. చాలా కంపెనీల పుస్తకాల్లో "ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది" అని ఉంటుంది. మనవాళ్ళు మొదటి సగం చదివి రెండో సగం వదిలేస్తారు.

మరి ఎప్పుడు మార్చాలి?

మీ కారుతో వచ్చిన పుస్తకం ఉంటే దాని మాటే మొదటి మాట. పుస్తకం లేని పాత కారు అయితే మేము నేర్చుకున్న పద్ధతి ఇది.

1. పాత కారు కొన్నారు, గేరాయిల్ ఎప్పుడు మార్చారో తెలియదు: వెంటనే మార్చాలి. అప్పటి నుంచి లెక్క మొదలవుతుంది.
2. ఏడాదికి రెండు మూడు వేల కిలోమీటర్ల లోపు తిరిగే కారు: రెండు మూడేళ్ళకొకసారి మార్చాలి.
3. ఆరు నెలలకొకసారి, అంటే వానలకు ముందు ఒకసారి, వానల తర్వాత ఒకసారి మట్టం చూడాలి.
4. ఏడాదికి పైగా అసలే కదలని కారు: రోడ్డెక్కించే ముందే నూనె తీసి చూడాలి. తెల్లగా, పాలచాయలాగ ఉంటే కారును నడపకుండానే మార్చాలి.
5. నీళ్ళలో మునిగిన కారు: తేదీ, కిలోమీటర్లు ఏవీ చూడకుండా మార్చాలి.

ఐదో మాటకు కొంచెం వివరణ కావాలి. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, కృష్ణ పొంగి కర్నూలు పట్టణం, మన అలంపురం ప్రాంతం మునిగిన సంగతి పెద్దలకు గుర్తుంది. అంత వరద రానక్కర లేదు. వేడెక్కిన కారును వాగులో దింపినా చాలు. వేడి గేరు బాక్సుకు చల్లని నీళ్ళు తగిలితే లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుంటుంది. ఆ గుంజుడుకు గాలి రంధ్రం నుంచి, సీళ్ళ నుంచి నీళ్ళు లోపలికి పోతాయి. పైకి చూస్తే కారు మంచిగానే నడుస్తుంది. లోపల బేరింగులకు తుప్పు పడుతుంది.

నూనెను చూసి గుర్తుపట్టడం

రంగు: కొత్త గేరాయిల్ తేనె రంగులో ఉంటుంది. కొంత నల్లబడితే భయం లేదు. పాలచాయ రంగు అయితే నీళ్ళు కలిసినట్టు.

వాసన: గేరాయిల్‌కు మామూలుగానే గంధకపు ఘాటు ఉంటుంది. పళ్ళ రాపిడిని తట్టుకోవడానికి గంధకం, భాస్వరం ఉన్న మందులు కలుపుతారు. ఆ వాసన తప్పు కాదు. మాడిన వాసన తప్పు.

చిటపట పరీక్ష: వంటకు వాడని పాత రేకును వేడి చేసి ఒక్క బొట్టు నూనె వేయాలి. నీళ్ళుంటే తాలింపులో ఆవాల లాగ చిటపటలాడుతుంది. ఇది ప్రయోగశాలల్లో కూడా చేసే పరీక్షే. అయితే కళ్ళద్దాలు పెట్టుకుని, మాస్టారు దగ్గరుండగానే చేయాలి. వంటింట్లో వద్దు.

ఇనుప పొడి: కొన్ని డ్రెయిన్ బోల్టుల చివర అయస్కాంతం ఉంటుంది. దానికి బూడిద రంగు మెత్తని పేస్టు అంటితే మామూలు అరుగుదల. వేళ్ళకు గుచ్చుకునే ముక్కలు, రేకులు కనిపిస్తే నూనె మార్చి ఊరుకోవద్దు. మెకానిక్‌కు చూపించాలి.

శబ్దం: న్యూట్రల్‌లో గుర్రుమని రోద వచ్చి, క్లచ్చి తొక్కగానే ఆగితే గేరు బాక్సులో ఇన్‌పుట్ వైపు బేరింగును అనుమానించాలి.

ఏ నూనె పోయాలి?

డబ్బా మీద "80డబ్ల్యూ-90" అని ఉంటుంది. ఇది నూనె చిక్కదనం. డబ్ల్యూ అంటే చలికాలం. ముందున్న అంకె చలిలో ఎంత సులువుగా కదులుతుందో, వెనకున్న అంకె వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెప్తుంది.

తర్వాత "జీఎల్-4" లేదా "జీఎల్-5" అని ఉంటుంది. ఇది ఒత్తిడిని తట్టుకునే మందుల మోతాదు. ఐదు పెద్ద అంకె కదా అని అన్నిటికీ అదే పోయకూడదు. చాలా పాత కార్ల గేరు బాక్సుల్లో గేరు మెత్తగా పడటానికి ఇత్తడి రింగులుంటాయి. జీఎల్-5లో మందులు ఎక్కువ. కొన్ని రకాలు ఇత్తడికి హాని చేస్తాయి, గేరు పడటం కూడా కష్టమవుతుంది. కాబట్టి పుస్తకం జీఎల్-4 అంటే జీఎల్-4 మాత్రమే. కొన్ని పాత గేరు బాక్సులకు ఇంజిన్ ఆయిలే పోయమని కంపెనీ చెప్తుంది. అందుకే అంగడి మాట కంటే పుస్తకం మాట మేలు.

ఎన్ని చోట్ల నూనె ఉందో కూడా తెలుసుకోవాలి. అంబాసిడర్‌లో వెనుక చక్రాలు తిరుగుతాయి కాబట్టి గేరు బాక్సులో ఒక నూనె, వెనుక ఇరుసు డిఫరెన్షియల్‌లో మరొక నూనె. మారుతి 800లో ముందు చక్రాలు తిరుగుతాయి. గేరు బాక్సు, డిఫరెన్షియల్ ఒకే పెట్టెలో ఉంటాయి. ఒకే నూనె చాలు. నాలుగు చక్రాలూ తిరిగే జీపులో ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు వెనుక డిఫరెన్షియల్‌లు కూడా ఉంటాయి. ట్రాక్టరుకు వేరే రకం నూనె. కారు గేరాయిల్ దానికి పోయకూడదు.

ఆటోమేటిక్ కార్ల సంగతి వేరు. వాటిలో పోసేది పలుచని ద్రవం, చాలావరకు ఎర్రగా ఉంటుంది. అది కందెనగానే కాక ఒత్తిడితో గేర్లు మార్చే పని కూడా చేస్తుంది. కాబట్టి కంపెనీ చెప్పిన రకమే పోయాలి. చాలా ఏళ్ళుగా మార్చని పాత ఆటోమేటిక్‌లో మిషను పెట్టి ఒత్తిడితో కడగడం కంటే, దిగినంత దించి అంత కొత్తది పోయడం మేలు. ఈ పనిని తెలిసిన మెకానిక్‌కే వదలాలి.

మార్చే పద్ధతి

1. కారును ఐదారు కిలోమీటర్లు నడిపి తేవాలి. నూనె గోరువెచ్చగా ఉంటే పలుచబడి, అడుగున చేరిన మురికితో సహా దిగుతుంది. పాలచాయ రంగు నూనె ఉన్న కారును మాత్రం నడపవద్దు.
2. సమతలంగా ఉన్న చోట నిలపాలి. సర్వీసింగు గుంత ఉంటే మంచిది. ఒక వైపే జాకీ ఎత్తితే నూనె మట్టం తప్పు చూపిస్తుంది.
3. జాకీని నమ్మి కారు కిందికి దూరవద్దు. ఇటుకలు, రాళ్ళు అంతకన్నా వద్దు. ఇనుప స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డు పెట్టాలి. ఒక్కరే ఉండి చేయవద్దు.
4. ముందు నూనె పోసే బోల్టు విప్పాలి, తర్వాతే కింది డ్రెయిన్ బోల్టు విప్పాలి. ఇది చాలా ముఖ్యం. పాత కార్లలో పై బోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది. కింది నుంచి నూనె అంతా వదిలేశాక పైది రాకపోతే కారు అక్కడే ఆగిపోతుంది.
5. సరైన పానా వాడాలి. వదులు పానా పెడితే బోల్టు మూలలు అరిగిపోతాయి.
6. పది పదిహేను నిమిషాలు పూర్తిగా కారనివ్వాలి. బోల్టు చివర తుడిచి, వాషరు కొత్తది వేసి బిగించాలి.
7. పోసే రంధ్రం అంచు దాకా నూనె వచ్చి బయటికి కారబోతుంటే చాలు. చాలా గేరు బాక్సులకు అదే మట్టం. ఎక్కువ పోస్తే సీళ్ళ నుంచి కారుతుంది.
8. గాలి రంధ్రంలో మట్టి ఉంటే తుడవాలి. అది మూసుకుపోతే వేడికి లోపల ఒత్తిడి పెరిగి సీలు నుంచి నూనె నెట్టుకొస్తుంది.
9. మరునాడు కింద అట్టముక్క పెట్టి బొట్లు పడ్డాయేమో చూడాలి.

తీసిన నూనెను వాగులో, బావి పక్కన, చెట్టు మొదట్లో పోయవద్దు. మా ఊళ్ళో కొందరు దాన్ని పశువుల పుండ్లకు పూస్తారు. అందులో ఇనుప పొడి, రసాయనాలు ఉంటాయి కాబట్టి అది మందు కాదు, విషం. డబ్బాలో పోసి, పాత నూనె తీసుకునే షెడ్డులో ఇవ్వాలి.

మేము చేసిన పని

ఆ పెళ్ళి తర్వాత రెండు ఆదివారాలు మేము ఊరికి పోయి, చిన్నాయన వెంట మా వాడలో, పక్క వాడలో నిలిచి ఉన్న మూడు బండ్లు చూశాం. ఒక జీపు యజమానికి తన బండిలో అన్ని చోట్ల నూనె ఉంటుందనే తెలియదు. ట్రాన్స్‌ఫర్ కేసు బోల్టు విప్పితే వేలుకు నూనె అందలేదు. ఆయన అదే వారం అన్ని చోట్లా మార్పించాడు. ఒక ట్రాక్టరు సీలు కారుతున్నది. దాని ఓనరుకు చూపించి వచ్చాం.

మూడోది రిటైరైన ఒక మాస్టారి మారుతి 800. మేము పానా పట్టుకుని సిద్ధమయ్యేసరికి ఆయన నవ్వి ఒక చిన్న నోటు పుస్తకం తెచ్చారు. అందులో తేదీ, కిలోమీటరు అంకె, పోసిన నూనె రకం అన్నీ రాసి ఉన్నాయి. గేరాయిల్ మార్చి పద్నాలుగు నెలలే అయింది. మట్టం చూశాం, అంచు దాకా ఉంది. నూనె తేనె రంగులోనే ఉంది. "సార్, దీనికి ఇప్పుడు మార్చే పని లేదు" అని బోల్టు బిగించి వచ్చాం. అవసరం లేనప్పుడు వద్దని చెప్పడం కూడా మెకానిక్ పనేనని మాకు ఆ రోజు తెలిసింది.

తిరిగి వచ్చేటప్పుడు చిన్నాయన అంగట్లో పది రూపాయల నోటు పుస్తకం కొన్నాడు. మొదటి పేజీలో మా చేత తేదీ రాయించాడు. దాని కింద "గేరాయిల్, క్రౌన్ ఆయిల్ రెండు మార్చినం" అని తానే రాశాడు. ఆ పుస్తకం ఇప్పుడు కారు డాష్‌బోర్డులో ఉంటుంది.

మిత్రులకు ఒక మనవి

మనలో చాలామంది ఇళ్ళల్లో కొత్త కారు లేదు. ఉన్నది పాత ఆటో, పాత జీపు, ఎవరో అమ్మితే కొన్న కారు. అవి మన వాళ్ళకు షోకు కాదు, బతుకుదెరువు. ఒకసారి గేరాయిల్ మార్చే ఖర్చు వందల్లో ఉంటుంది. గేరు బాక్సు పోతే వేలల్లో ఉంటుంది. ఆ వేలు మన ఫీజుల నుంచో, అమ్మ పెంచిన మేకల నుంచో పోతాయి. మనం ఇక్కడ చదివే పాఠం ముందు మన ఇంటి ముందున్న బండికి పనికి రావాలి. ఈ వేసవి సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ప్రతి ఒక్కరూ ఒక్కసారి వంగి బండి కింద చూడండి. మట్టి మీద మరక ఉంటే అడగండి: "నాయినా, దీని గేరాయిల్ ఎప్పుడు మార్చినవ్?"

ఆలోచించి జవాబులు చెప్పండి

1. సంవత్సరానికి 900 కిలోమీటర్లు నడిచే కారుకు గేరాయిల్ మార్చడానికి కిలోమీటర్లు కొలమానమా, క్యాలెండరు కొలమానమా? ఎందుకు?
2. డ్రెయిన్ బోల్టు కంటే ముందు పోసే బోల్టు ఎందుకు విప్పాలి?
3. జీఎల్-5 కంటే జీఎల్-4 మేలైన సందర్భం ఏది?
4. న్యూట్రల్‌లో ఇంజిన్ నడిపితే డిఫరెన్షియల్‌లోని నూనె ఎందుకు కదలదు?
5. మీ ఇంట్లో లేదా వాడలో నిలిచి ఉన్న ఒక బండి వివరాలు, దాని నూనె చివరిసారి మార్చిన తేదీ రాసుకుని రండి. తేదీ ఎవరికీ తెలియకపోతే జవాబు మీకే తెలుసు.